కొత్త బండి కొన్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు: రోజూ తిరిగే 100–125 సీసీ బైకుల కోసం

రాజమండ్రిలో ఒక టూవీలర్ సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర పదకొండేళ్ళు కూర్చున్నాను. కౌంటర్ వదిలేసి మూడేళ్ళయింది గానీ ఫోన్లు వదల్లేదు. దసరా వెళ్ళిన వారానికి మొదలవుతాయి. అడిగేవాళ్ళు కొత్తవాళ్ళు, అడిగేవి మాత్రం పాతవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. స్ప్లెండర్, షైన్, ప్లాటినా, రైడర్ లాంటి బండ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. మీ మాన్యువల్‌లో అంకె ఇక్కడి అంకెతో కలవకపోతే మాన్యువల్‌నే నమ్మండి.

## బండి ఇంటికి తెచ్చుకునే ముందు

ఆన్‌రోడ్ ధరలో "హ్యాండ్లింగ్ చార్జీలు" అని వేశారు. కట్టాల్సిందేనా?

ఆన్‌రోడ్ ధర అంటే నాలుగు ముక్కలు: జీఎస్టీతో కలిపి ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజులు, ఇన్సూరెన్స్. వీటికి అవతల ఏది కనిపించినా "ఇది దేనికండీ, బిల్లులో రాసిస్తారా?" అని అడగండి. రాయడానికి తడుముకుంటే అది బేరంలో ఎగిరిపోయే డబ్బే. లెగ్ గార్డు, సీటు కవరు, మ్యాటు కలిపి "కిట్" అంటారు, అదీ మీ ఇష్టమే. ఇన్సూరెన్స్ కూడా షోరూములోనే తీసుకోవాలని ఎక్కడా లేదు. ఇంకో సంగతి: 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మీ బావమరిది అంతకుముందు కొన్న ధరతో పోల్చుకోకండి.

హెల్మెట్ షోరూమ్ వాళ్ళే ఇవ్వాలట, నిజమేనా?

నిజమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వది బండితో పాటు బీఐఎస్ ప్రమాణం ఉన్న హెల్మెట్ ఇవ్వాలంటుంది. అడిగినవాళ్ళకే వస్తుంది, అది వేరే కథ. అలాగే వెనక కూర్చునేవాళ్ళు పట్టుకునే హ్యాండిల్, ఫుట్‌రెస్టులు, చీర గార్డు బండితోనే రావాలి. చీర గార్డు అందంగా లేదని మొదటి రోజే పీకించే కుర్రాళ్ళను చాలామందిని చూశాను. చున్నీ చక్రంలో పడిన కేసులనూ చూశాను. పీకించకండి.

ముహూర్తం టైముకి తీసుకోవాలి. ఆ హడావుడిలో కనీసం ఏమేం చూసుకోవాలి?

ముహూర్తం రోజున ఏమీ చూడలేరు, పక్కన పదిమంది ఉంటారు. ముందురోజు సాయంత్రం, వెలుగుండగా వెళ్ళండి. బండి మీది ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితాల్లోని వాటితో కలుస్తున్నాయా, తయారైన నెల ఏది, ట్యాంకు మీద గీతలున్నాయా చూడండి. టైరు పక్కన నాలుగంకెల కోడు ఉంటుంది: 3225 అంటే 2025లో 32వ వారం తయారైందని. మీటరు మీద నాలుగైదు కిలోమీటర్లు ఉండటం మామూలే, యాభై ఉంటే అడగాలి. రెండు తాళం చెవులు, టూల్ కిట్, మాన్యువల్, సర్వీస్ కూపన్లు చేతికి వచ్చాకే సంతకం.

పూజ చేయించేటప్పుడు బండికి ఏమైనా పాడవుతుందా?

పూజతో ఏమీ కాదు, పూజ తర్వాత వదిలేయడంతోనే. పసుపు, కుంకుమ ట్యాంకు మీదా స్టిక్కర్ల మీదా రాత్రంతా ఉంటే మరక దిగుతుంది, ఆ సాయంత్రమే తడిగుడ్డతో తుడవండి. దండ హ్యాండిల్‌కి వేస్తే వేలాడే కొస చక్రానికి తగలకుండా, తిప్పితే యాక్సిలరేటర్‌ని పట్టెయ్యకుండా చూడండి. గుడి నుంచి వచ్చేటప్పుడు తీసేయడమే మంచిది. హారతి ట్యాంకు మూత దగ్గరకు తేవద్దని పూజారిగారికి మెల్లగా చెప్పండి. నిమ్మకాయల దగ్గర భయమేం లేదు, ఎక్కించేయండి.

## మొదటి వెయ్యి కిలోమీటర్లు

పగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతోంది. ఆపే స్విచ్చే లేదు. పాడైందా?

పాడవలేదు. 2017 ఏప్రిల్ 1 నుంచి తయారైన టూవీలర్లన్నిటికీ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలగాలన్నది నిబంధన. ఎదురొచ్చేవాళ్ళు వేళ్ళు ముడిచి తెరిచి "లైటు, లైటు" అని సైగ చేస్తూనే ఉంటారు. ఇన్నేళ్ళయినా ఆ సైగ మనవాళ్ళు మానలేదు. నవ్వి తలూపండి. స్విచ్చి పెట్టించుకుందామని వైరు మాత్రం కత్తిరించకండి, ఎలక్ట్రికల్ వారంటీ అక్కడితో సరి.

40 దాటించొద్దన్నారు. ఎన్నాళ్ళు అలా నడపాలి?

స్పీడు కంటే ఇంజిన్ మీద పడే బరువు ముఖ్యం. లోపల పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ ఒకదానికొకటి అలవాటు పడేది మొదటి 500 నుంచి 1000 కిలోమీటర్లలోనే. అందాకా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పొద్దు. ఒకే స్పీడులో గంటలకొద్దీ లాగొద్దు. ముగ్గురెక్కి గట్టు ఎక్కించొద్దు. 45–50 మధ్య, గేర్లు మారుస్తూ, ఎక్కువ తక్కువలుగా నడపండి. భయపడి టాప్ గేర్‌లో 25 మీద గునుస్తూ నడిపేవాళ్ళు ఇంకా ఎక్కువ హాని చేస్తున్నారు. కొత్త టైర్లూ మొదట్లో నున్నగా ఉంటాయి, తడి రోడ్డు మీద మొదటి వంద కిలోమీటర్లు జాగ్రత్త.

వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకూ పడుతున్నట్టుంది. ఇది లోపమా?

లోపం కాదు. దాన్ని సీబీఎస్ అంటారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు బండ్లకు దీన్ని తప్పనిసరి చేశారు. ఒక్క పెడల్ తొక్కితే రెండు చక్రాలూ పట్టుకుంటాయి, ఎందుకంటే మనలో చాలామంది ముందు బ్రేకు ముట్టుకోనే ముట్టుకోరు. అలాగని కుడిచేతి బ్రేకు మర్చిపోవద్దు. గట్టిగా ఆగాల్సి వస్తే రెండూ వాడాలి. ఇసుక ఉన్న మలుపులో మాత్రం ఏదీ గట్టిగా నొక్కకండి.

చోక్ లేదు, రిజర్వ్ నాబ్ లేదు. పెట్రోలు అయిపోతే ఎలా తెలుస్తుంది?

బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చలి ఉదయం ఎంత పెట్రోలు కావాలో కంప్యూటరే చూసుకుంటుంది, అందుకే చోక్ లేదు. రిజర్వ్ బదులు మీటరులో పెట్రోలు గుర్తు మినుకుమినుకుమంటుంది. అది మొదలవగానే బంకు వెతుక్కోండి. ఇంకో ముప్ఫై వస్తుందిలే అని రోజూ చివరి చుక్క దాకా నడిపే అలవాటు ఈ బండ్లకు పనికిరాదు. పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. తాళం తిప్పగానే "జుయ్" మన్న చప్పుడు ఆ పంపుదే. అది ఆగాక సెల్ఫ్ కొట్టండి.

మీటరులో ఇంజిన్ బొమ్మ లైటు వెలుగుతోంది, భయపడాలా?

తాళం తిప్పినప్పుడు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోతే అంతా బాగున్నట్టు. నడుపుతుండగా వెలిగి అలాగే ఉంటే ఏదో సెన్సార్ ఫిర్యాదు చేస్తోందన్నమాట. బండి మామూలుగా నడుస్తుంటే నెమ్మదిగా సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. మిషను పెడితే ఏ సెన్సారో చెప్పేస్తుంది. వీధి చివర మెకానిక్‌తో "రీసెట్" కోసం బ్యాటరీ వైరు పీకించకండి.

ఆపాక సైలెన్సర్ టిక్‌టిక్‌మంటోంది, పొద్దున్నే నీళ్ళు కారుతున్నాయి, కాలిన వాసన కూడా. వెనక్కి ఇచ్చేయాలా?

మూడూ మామూలే. వేడెక్కిన ఇనుము చల్లారుతూ ముడుచుకునేటప్పుడు టిక్‌టిక్ అంటుంది. పెట్రోలు మండితే పుట్టేవాటిలో నీటి ఆవిరి ఒకటి, చల్లటి సైలెన్సర్‌లో అదే నీళ్ళవుతుంది. వాసన కొత్త సైలెన్సర్ మీది పూత కాలడం వల్ల, వారంలో పోతుంది. తెల్లవారుజామున కాస్త తెల్ల పొగ వచ్చి పోతే కంగారు లేదు. బండి వేడెక్కాక కూడా నీలం పొగ వస్తూనే ఉంటే అప్పుడు చూపించాలి, అది ఆయిల్ కాలుతున్న పొగ.

మైలేజి 70 అన్నారు, నాకు 48 వస్తోంది. మోసమా?

ముందు 48 ఎలా లెక్కేశారు? "రెండొందలకు కొట్టించాను, మూడు రోజులు వచ్చింది" అన్నది లెక్క కాదు. ట్యాంకు ఆటో కట్ అయ్యేదాకా నింపించి మీటరు రాసుకోండి. 200 కిలోమీటర్లు పైన తిరిగి, వీలైతే అదే బంకులో మళ్ళీ ఆటో కట్ దాకా నింపండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ప్రకటనలో అంకె పరీక్షశాలలో రోలర్ల మీద వచ్చింది. అమీర్‌పేట సిగ్నళ్ళ మధ్య అది రాదు, రావులపాలెం హైవే మీద దగ్గరికి వస్తుంది. రెండో సర్వీసు అయ్యాకా తక్కువే వస్తుంటే టైర్లలో గాలి, బ్రేకు పట్టేసుకుని ఉందా, చైన్ బిగుతు, క్లచ్ మీద వేలేసి నడిపే అలవాటు... ఈ వరసలో చూడండి. ఇంజిన్ వంతు ఆఖర్న.

## సర్వీసింగు

ఫ్రీ సర్వీస్ అన్నారు, మళ్ళీ బిల్లు వేశారేంటి?

పదకొండేళ్ళలో నేను ఎక్కువ తిట్లు తిన్నది ఈ ప్రశ్నకే. ఫ్రీ అంటే పనివాడి కూలీ ఫ్రీ. ఇంజిన్ ఆయిల్, గ్యాస్కెట్, గ్రీజు లాంటివాటికి డబ్బు కట్టాలి. ఆయిల్ డబ్బు న్యాయమే. ఆయిల్ కంటే పెద్ద అంకె బిల్లులో ఉంటే అది ఏమిటో అడగండి.

రెండు నెలలైంది, 300 కిలోమీటర్లే తిరిగాను. మొదటి సర్వీసు అప్పుడే ఎందుకు?

కూపన్ మీద కిలోమీటర్లు, రోజులు రెండూ ఉంటాయి, ఏది ముందొస్తే దానికి వెళ్ళాలి. కంపెనీని బట్టి మొదటిది 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య. కొత్త ఇంజిన్‌లో రాపిడికి సన్నటి లోహపు పొడి రాలుతుంది, మొదటి ఆయిల్‌ని ఎండలో పట్టి చూస్తే తళతళలాడుతుంది. దాన్ని బయటికి పంపడమే ఈ సర్వీసు అసలు పని. తేదీ దాటిస్తే కూపన్ చెల్లదు, తర్వాత వారంటీ అడిగినప్పుడు ఆ ఖాళీ గడినే ముందు చూపిస్తారు.

బయట మెకానిక్ దగ్గర చేయిస్తే వారంటీ పోతుందా?

పంక్చర్ వేయించినా, చైన్ బిగించుకున్నా ఏం కాదు. వేళకు చేయించాల్సిన సర్వీసులు బయట చేయిస్తే మాత్రం క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. నా మాట: ఫ్రీ సర్వీసులు అయ్యేదాకా కంపెనీ సెంటర్, వారంటీ తీరాక చేతి మీద నమ్మకమున్న మెకానిక్. బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, బల్బులు వారంటీలోకి రావు, అవి అరిగిపోయే సామాన్లు.

ఏ ఇంజిన్ ఆయిల్ పోయించాలి? కారు ఆయిల్ ఇంట్లో మిగిలింది, అది పనికొస్తుందా?

కారుదే పోయించండి, కానీ కారులోనే. బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. కారు ఆయిళ్ళలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు కాబట్టి ప్లేట్లు జారతాయి: ఇంజిన్ అరుస్తుంది, బండి లాగదు. డబ్బా మీద "జాసో ఎంఏ" లేదా "ఎంఏ2" అని, పక్కన మీ మాన్యువల్ చెప్పిన గ్రేడు (ఈ బండ్లలో చాలావాటికి 10డబ్ల్యూ-30) ఉంటే చాలు. చిక్కటిది పోస్తే ఇంజిన్ బలంగా ఉంటుందన్నది పాత కాలపు మాట. పట్టేది లీటరు అటూ ఇటూ. సీలు మీ ముందే తీయమనండి.

ఆయిల్ లెవెల్ ఇంట్లో ఎలా చూసుకోవాలి?

బండి సమంగా ఉన్న నేల మీద డబుల్ స్టాండ్ వేయండి. రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీయండి. చాలా బండ్లలో చూసేటప్పుడు మర బిగించకుండా ఊరికే ఆనించాలి. రెండు గీతల మధ్య తడి ఉంటే సరే. పై గీత దాటినా మంచిది కాదు. నెలకోసారి చూస్తే సరిపోతుంది. మా సెంటర్‌కి వచ్చిన సీజ్ అయిన ఇంజిన్లలో ఎక్కువ "లైటేమీ వెలగలేదండీ" అన్నవాళ్ళవే. ఈ చిన్న బండ్లలో చాలావాటికి ఆయిల్ లైటే ఉండదు.

టెఫ్లాన్ కోటింగ్, ఇంజిన్ ఫ్లష్, డీకార్బన్ చేయించమంటున్నారు. అవసరమా?

కొత్త బండికి అక్కర్లేదు. వేళకు ఆయిల్ మారుతున్న ఇంజిన్‌కి ఫ్లష్ ఎందుకు? ఏడాది నిండని బండిలో తీయడానికి కార్బన్ ఎంతుంటుంది? టెఫ్లాన్ అంటే ఒక రకం పాలిష్, నెల మెరుస్తుంది. కౌంటర్లో కూర్చున్నవాడికి నెలకిన్ని అమ్మాలని టార్గెట్ ఉంటుంది. నాకూ ఉండేది, నేనూ అమ్మాను. "వద్దండీ, ఆయిల్ మార్చి చైన్, బ్రేకులు చూడండి చాలు" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి, తెచ్చుకునేటప్పుడు ఏం చూడాలి?

"జనరల్ చెకప్" అని రాయించకండి, ఎవరూ ఏమీ చెక్ చేయరు. "మూడో గేర్‌లో 40 దగ్గర కుడివైపు గలగలమంటోంది" అని జాబ్ కార్డులో రాయించండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. ఒకసారి వేరే ఊళ్ళో నా సొంత బండే ఇచ్చాను. ఆయిల్ మార్చినట్టు బిల్లు వేశారు. బయటికొచ్చి డిప్‌స్టిక్ తీస్తే తారులాంటి పాత నూనె. అప్పుడే మార్చిన ఆయిల్ తేనె రంగులో ఉంటుంది. గేటు దాటకముందే చూసి ఉంటే గొడవ అయిదు నిమిషాల్లో తేలేది, మర్నాడు వెళ్తే సగం రోజు పట్టింది.

## రోజూ, వారం వారం

టైర్లలో గాలి ఎంత ఉండాలి? పంక్చర్ షాపులో రెండిటికీ ఒకేలా కొట్టేస్తున్నారు.

చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు ఉంటుంది, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఈ బండ్లలో చాలావాటికి ముందు 25, వెనక ఒక్కరికైతే 28–29 పీఎస్ఐ. డబుల్స్ వెళ్తే వెనక ఇంకా ఎక్కువ కావాలి, కొన్ని మోడళ్ళ స్టిక్కరు మీద 41 దాకా ఉంటుంది. పదిహేను రోజులకోసారి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. మైలేజి పెరుగుతుందని ముందు చక్రంలో దండిగా కొట్టిస్తే తడి రోడ్డు మీద పట్టు పోతుంది. నైట్రోజన్ ఉచితమైతే కొట్టించుకోండి, డబ్బు పెట్టేంత తేడా ఏమీ లేదు.

చైన్ టకటకమని కొట్టుకుంటోంది. బిగించేస్తే సరిపోతుందా?

కొత్త చైన్ మొదటి రెండు మూడు వేల కిలోమీటర్లలో కాస్త సాగుతుంది. డబుల్ స్టాండ్ వేసి, కవరుకున్న రబ్బరు మూత తీసి, కింది వైపు చైన్‌ని మధ్యలో వేలితో పైకీ కిందికీ కదపండి. 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగుచోట్ల చూడండి, ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడిదే లెక్క. మరీ బిగిస్తే చప్పుడు పోతుంది గానీ గేర్‌బాక్స్ బేరింగు తింటుంది, మనిద్దరెక్కి గుంతలో పడ్డప్పుడు ఆ చైన్‌కి సాగే చోటుండదు. 500–700 కిలోమీటర్లకోసారి 90 నంబరు గేర్ ఆయిల్ వేయండి, వానల్లో ఇంకా త్వరగా. ఇంజిన్ నుంచి తీసిన మడ్డి నూనె వద్దు, దుమ్ము పట్టి సానరాయిలా చైన్‌ని అరగదీస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా గేరేసి గుడ్డతో చైన్ తుడవొద్దు. వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

టాప్ గేర్‌లో వెళ్తుంటే ఇంజిన్ టంగుటంగుమని కొట్టుకుంటోంది.

స్పీడు తగ్గింది, గేరు తగ్గించలేదు. ఒక గేరు దించండి. మైలేజి కోసం 25 స్పీడులోనే టాప్ వేసేవాళ్ళకు ఎక్కువగా వచ్చే చప్పుడు ఇది. గేరు దించినా కొట్టుకుంటుంటే సెంటర్‌లో చూపించండి.

ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్ల కొత్త బండి పాడవుతుందా?

ఈమధ్య కొన్న బండి ఈ20కి తగ్గట్టే తయారై వస్తోంది, ట్యాంకు మూత దగ్గర స్టిక్కరు చూడండి. మైలేజి కాస్త తగ్గడం నిజమే. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే మూడోవంతు తక్కువ. ఈ10తో 60 ఇచ్చే బండికి ఈ20తో రెండు కిలోమీటర్ల దాకా తగ్గొచ్చు. అసలు జాగ్రత్త నీళ్ళ దగ్గర. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, నీళ్ళు ఎక్కువైతే రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి, పంపు పీల్చేదీ అక్కడి నుంచే. మూత రబ్బరు చిరిగితే మార్పించండి, వానలో ఆరుబయట పెడితే కవరు కప్పండి.

ఎండాకాలం ట్యాంకు నిండా కొట్టిస్తే పేలుతుందట?

వాట్సాప్ పేలుడు అది. పది లీటర్ల పెట్రోలు 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. దానికి చోటు వదలాలి, అంతే. ఆటో కట్ అయ్యాక "ఇంకో అయిదు రూపాయలు, రౌండ్ ఫిగర్" అని మూతి దాకా పోయించొద్దు. బీఎస్6 బండ్లలో పెట్రోలు ఆవిరి పట్టే చిన్న డబ్బా ఒకటుంది, అందులోకి పెట్రోలే వెళ్తే అది పాడవుతుంది.

నెల రోజులు ఊరెళ్తున్నాను. బండి ఎలా పెట్టి వెళ్ళాలి?

డబుల్ స్టాండ్, గాలి కాస్త ఎక్కువ, ట్యాంకు దాదాపు నిండుగా. బండి చూసేవాళ్ళెవరూ లేకపోతే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించండి. ఎవరైనా ఉంటే వైరు అలాగే ఉంచి, వారానికోసారి స్టార్ట్ చేయమనేకంటే పది నిమిషాలు నడపమనండి. నిలబెట్టి రెండు నిమిషాలు రేజ్ చేస్తే సెల్ఫ్ తిన్న కరెంటే తిరిగి రాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకల బెడద కూడా ఉంది, సీటు కింద వైర్లు కొరికేస్తాయి. బియ్యం మూటల పక్కన పెట్టొద్దు, సైడ్ బాక్సులో తినేది ఏదీ వదలొద్దు.

## వాన, వరద, ఉప్పుగాలి

మోకాలి లోతు నీళ్ళలో బండి ఆగిపోయింది. మళ్ళీ సెల్ఫ్ కొట్టొచ్చా?

వద్దు. ఎయిర్ ఫిల్టర్ దాకా నీళ్ళు వెళ్ళి ఉంటే సిలిండర్‌లోకీ చేరి ఉండొచ్చు. గాలిలా నీళ్ళు కుదించుకోవు, సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసుకుంటూ గట్టుకి రండి, తాళం తీసేయండి, మునిగిన ఎత్తు తెలిసేలా ఫొటోలు తీయండి, ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పండి, ఆటోలో సెంటర్‌కి పంపండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలా మునిగిన బండికి ఆయిల్, ఫిల్టర్, పెట్రోలు అన్నీ తీసి మార్చాకే ఇంజిన్ తిప్పాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే లోపల నీళ్ళున్నట్టే.

విశాఖలో ఉంటాం. ఆరు నెలలకే సైలెన్సర్, నట్లు తుప్పు పడుతున్నాయి.

బీచ్ దగ్గర ఉప్పుగాలికి ఇది తప్పదు, ఆలస్యం మాత్రం చేయొచ్చు. వారానికోసారి మంచినీళ్ళతో కడిగి, ఎండనిచ్చి, నట్ల మీద, స్టాండు స్ప్రింగుల మీద నూనె గుడ్డతో పల్చగా తుడవండి. తడి బండి మీద ప్లాస్టిక్ కవరు కప్పితే తుప్పుకి మనమే పందిరి వేసినట్టు. రేగడి నేలల్లో తిరిగేవాళ్ళయితే మడ్‌గార్డు లోపలివైపు చూడాలి, అక్కడ పట్టిన మట్టి తడి వదలదు. వాటర్ వాష్‌లో ప్రెజర్ గొట్టం హ్యాండిల్ కింద, చక్రాల మధ్య, స్విచ్చుల మీద పెట్టొద్దని నిలబడి చెప్పండి.

## కాగితాలు

ఇన్సూరెన్స్ అయిదేళ్ళకి కట్టాం కదా, మళ్ళీ రెన్యువల్ అని ఫోన్ చేస్తున్నారేంటి?

అయిదేళ్ళది థర్డ్ పార్టీ, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్లకు అది తప్పనిసరి. మీ సొంత బండికి దొంగతనం, వరద, ప్రమాదం వర్తించే ఓన్ డ్యామేజ్ భాగం సాధారణంగా ఒక ఏడాదికే ఉంటుంది. అది ఆగిపోతే బండి పోయినా మునిగినా రూపాయి రాదు. చిన్న గీతకు క్లెయిము చేయకండి: క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతం, వరసగా అయిదేళ్ళకు 50 శాతం దాకా ప్రీమియంలో తగ్గింపు వస్తుంది. దొంగతనం క్లెయిములో కంపెనీ రెండు తాళం చెవులూ అడుగుతుంది. రెండోది బీరువాలో పెట్టండి, బండికున్న గుత్తికే తగిలించకండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్త బండికీ కావాలా?

రిజిస్ట్రేషన్ అయిన ఏడాది దాకా అక్కర్లేదు. ఆ తర్వాత తీసుకుని, దాని మీదున్న గడువు తేదీకి మళ్ళీ చేయించాలి.

పోలీసులు ఆపితే ఫోన్‌లో ఆర్‌సీ చూపిస్తే ఒప్పుకుంటారా?

డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్నది అసలు కాగితంతో సమానమే. ఫోన్‌లో తీసుకున్న ఫొటో సమానం కాదు.

మాది గుంటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఏపీ నంబరుతో అక్కడ తిరగొచ్చా?

వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలన్నది మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. దానికి ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ, అక్కడ లైఫ్ ట్యాక్స్, కట్టినదాంట్లో మిగిలిన వంతు వాపసుకు దరఖాస్తు... ఆఫీసుల చుట్టూ తిరగాలి. మూడు నాలుగేళ్ళు అక్కడే ఉంటామని తెలిస్తే అక్కడే కొనండి. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త బండ్లకు టీజీ నంబరు వస్తోంది. అంతకుముందు తీసుకున్న టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి.

లోన్ తీరిపోయింది. ఇంకేమైనా చేయాలా?

ఆర్‌సీ మీద ఫైనాన్స్ వాళ్ళ పేరు దానంతటది పోదు. వాళ్ళ దగ్గర ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో హైపోథికేషన్ తీయించాలి. ఇన్సూరెన్స్ పాలసీలోనూ ఆ పేరు కొట్టేయించండి. అమ్మేరోజు చూసుకుందాంలే అని పక్కనపెడితే అప్పటికి ఆ ఫైనాన్స్ బ్రాంచి ఎత్తేసి ఉంటుంది, సంతకం కోసం మీరు వెతుక్కుంటూ తిరుగుతారు.